చీటీలు ఊడిన రాళ్ళు

ఆ డిసెంబరు దాటి, మార్చి.
అప్పటికింకా మా ఊరి పేరు లెనినకన్.
గనుల కళాశాల నేలమాళిగలో
బీరువాలు బోర్లాపడి
ఆరువందల రాళ్ళు ఒకటే కుప్ప.
చీటీలు నేలంతా, కరిగిన మంచులో
సిరా అలుక్కుపోయి.

పెర్చుహి టీచరు తలగుడ్డ బిగించి
కుప్ప ముందు చతికిలబడింది.
"పేర్లు పోతే పోయాయి,
రాయినే అడుగుదాం."
నాకు పంతొమ్మిదేళ్ళు. లాంతరు పట్టుకోవడం,
ఆవిడ చెప్పింది రాయడం నా పని.

ఆవిడ అడిగే తీరు ఇదీ:
ముందు అరచేతిలో బరువు.
తర్వాత మేకుమొనతో ఒక గీత.
తర్వాత నాలుక
(నవ్వకండి, బంకమట్టి రాయి నాలుకని పట్టుకుంటుంది,
ఇసుకరాయి పట్టుకోదు).
ఆఖర్న, గీసిన పొడి మీద
వంటింటి సీసాలోంచి ఒక్క చుక్క వెనిగర్.
పొంగిందా, సున్నం.
ఏ సముద్రంలోనో, ఏ గవ్వో, తన కోసం కట్టుకున్న ఇల్లు.

"గ్రానైట్ చూడు, ఉప్పూ మిరియాలూ.
లోతున, ఎవరూ తొందరపెట్టని చోట
మెల్లగా చల్లారింది గనక
గింజ గింజకీ ఒక మొహం వచ్చింది.
ఇదేమో సాతాను గోరు."
అబ్సిడియన్‌ని మా అవ్వలు అనే మాటే అన్నది ఆవిడా.
"అదే నిప్పు. బయటపడీ పడగానే చలి.
స్ఫటికం కట్టే వ్యవధి లేక
గాజైపోయింది, పాపం."
రెండూ అగ్నిశిలలే. ఒకే సొరుగు,
వేరు వేరు మూలలు.

అవక్షేప శిలలకి రెండు సొరుగులు చాల్లేదు.
"నది తెచ్చింది, దించింది, మరిచిపోయింది.
మీదున్న పొర చిన్నది, కిందున్నది పెద్దది,
ఏదీ తలకిందులు కాకపోతే" అని
పైకప్పు పగులు వైపు చూసి, ఊరుకుంది.

రూపాంతర శిల దగ్గర మాత్రం గొంతు పెంచింది:
"కరగలేదు! అండర్‌లైన్ చెయ్యి.
కరిగుంటే మళ్ళీ మొదటి సొరుగే.
కాగింది, నలిగింది, రాయిగానే ఉండి
లోపలి గింజలన్నీ
ఒత్తిడికి అడ్డంగా ఒత్తిగిల్లాయి.
ఈ పాలరాయి ఒకప్పటి సున్నపురాయే.
గవ్వలు ఉన్నాయి గానీ, ఇక కనపడవు."

గులాబీ టఫ్ దగ్గర తగువొచ్చింది.
మా ఇళ్ళన్నీ ఆ రాయే, దానికే సొరుగు దొరకలేదు.
కర్ర ఊతంతో మెట్లు దిగొచ్చిన వర్ద్‌గెస్ మాస్టారు
"కొండ కక్కిన బూడిద, అగ్నిశిల" అన్నాడు.
"మంచులా రాలి పరుచుకుంది, అవక్షేపం" అంది ఆవిడ.
గంటసేపు.
నేలమాళిగలో, చలిలో, లాంతరు వెలుగులో
ఇద్దరు పెద్దవాళ్ళు బూడిద కోసం పోట్లాడుకుంటుంటే
ఎవరో నవ్వారు.
నేనే అని తర్వాత తెలిసింది.
రాయిని రెండు సొరుగుల మధ్య పలక మీద పెట్టాం.

కుప్ప అడుగున పిడికెడంత బూడిదరంగు ముక్క.
నది గులకలు, ఇసుక, మధ్యలో అతుకు.
ఆవిడ చెప్పకముందే 'అవక్షేపం' అని రాసేశాను,
తెలివి చూపిద్దామని.

ఆవిడ మేకు తీసుకోలేదు.
బొటనవేలి గోటితో గీసింది.
రాలింది.
"ఇసుక ఎక్కువేశారు" అంది.
"ఇది ఇక్కడిది కాదు, నా కోటు జేబులోది.
మా తొమ్మిదంతస్తులది."

నేను చీటీ కొట్టేయబోతే చెయ్యి పట్టుకుంది.
దొరికిన చోటు, రాయించింది. వీధి పేరు, నాలుగో అంతస్తు.
వయసు, పదకొండేళ్ళు.
పుట్టుక అన్న చోట కలం ఆగింది.
నేను చూస్తున్నాను. ఆవిడ సీసా వైపు చూస్తోంది.

ఒక్క చుక్క వేసింది.
పొంగింది అదీ,
గవ్వలున్న రాయిలాగే.